కొత్తగా పుట్టిన సీతాకోకచిలుక రెక్కలు విచ్చుకోవడం లేదా?

కుండీలోని కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించిన పురుగు కొన్నాళ్లకు ఆకుపచ్చగా బలుస్తుంది. ఆ తర్వాత ఒకరోజు నడుముకు సన్నని పట్టుదారం చుట్టుకుని కొమ్మను ఆనుకుని ఆగిపోతుంది. అది నిమ్మ సీతాకోకచిలుక ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే దశ. వేసవిలో వారం పది రోజులు, చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. సీతాకోకచిలుక బయటికొచ్చేది చాలావరకు పొద్దున్నే కాబట్టి తెల్లారగానే చూడండి.

ప్యూపా నల్లబడింది

పైపొర పలచబడి లోపల రెక్కల పసుపు మచ్చలు కనిపిస్తుంటే సంతోషించండి, ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. మచ్చలేవీ లేకుండా మెత్తబడి వాసన వేస్తుంటే రోగం తగిలినట్టే, తీసేయండి. గుండ్రటి చిన్న కన్నం ఉంటే లోపల పెరిగిన పరాన్నజీవి కందిరీగలు దాన్ని తినేసి వెళ్లిపోయాయి. ఇక చేయగలిగిందేమీ లేదు. ఈసారి పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొమ్మకు పలచటి నూలుగుడ్డ కట్టండి.

ప్యూపా ఊడి కింద పడింది

కాగితాన్ని చిన్న పొట్లంలా చుట్టి పుల్లకు అతికించండి. తల పైకి ఉండేలా ప్యూపాను అందులో నిలబెట్టండి. పుల్ల గరుకుగా ఉండాలి, ఎందుకో కింద చెబుతాను.

రెక్కలు ముడతలుగానే ఉన్నాయి

ఎక్కువమంది కంగారుపడేది ఇక్కడే. మొదటి కొన్ని నిమిషాలు రెక్కలు తడిగా, నలిగినట్టుగానే ఉంటాయి, పొట్ట ఉబ్బి ఉంటుంది. పొట్టలోని ద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి పంపుతూ అది వాటిని సాగదీస్తుంది. రెక్కలు కిందికి వేలాడితేనే ఆ పని సరిగా జరుగుతుంది.

ఇరవై నిమిషాలైనా మార్పు లేకపోతే అది ఉన్న చోటు చూడండి. నేలమీద పడిందా? రెక్కకు ఆకు అడ్డం వచ్చిందా? నేను మొదటిసారి ప్యూపాను నున్నటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. బయటికొచ్చిన ప్రాణి గోడ ఎక్కలేక మళ్లీ మళ్లీ జారింది, చివరికి ఒక రెక్క వంకరగా గట్టిపడింది. ఆ తప్పు మీరు చేయొద్దు. గరుకు పుల్లను కాళ్ల ముందు పెడితే అదే పట్టుకుని ఎక్కుతుంది. రెక్కలు పట్టుకుని ఎత్తకండి, వేళ్లతో సాగదీయకండి. రెక్కలు గట్టిపడ్డాక ఇక సరికావు.

వెనక రెక్కలకు తోకలు లేవని దిగులుపడకండి, ఈ జాతికి తోకలుండవు.

ఎర్రటి చుక్కలు కారాయి

రక్తం కాదు. ప్యూపా దశలో పేరుకున్న వ్యర్థం. కొన్నిటిలో గోధుమరంగులో ఉంటుంది.

తొండం రెండు పాయలుగా ఉంది

పుట్టినప్పుడు అలాగే ఉంటుంది. దాన్ని చుడుతూ విప్పుతూ రెండు పాయలనూ అదే కలుపుకుంటుంది, మీరు ముట్టుకోకండి.

ఏమీ తాగడం లేదు

మొదటి కొన్ని గంటలు ఆకలుండదు. రెక్కలు గట్టిపడగానే ఎగిరిపోనివ్వండి, వాన పడుతుంటే మాత్రం తగ్గాక వదలండి. రెక్క వంకరపోయి ఎగరలేనిదైతే పది చెంచాల నీళ్లలో చెంచా చక్కెర కలిపి, దూది తడిపి దగ్గర పెట్టండి. మందారం, బంతి కుండీల్లో నీడపట్టున ఉంచి, చీమలు చేరకుండా చూసుకోండి.