రూట్ కెనాల్ తర్వాత కొరికితే నొప్పి: నాకెలా తగ్గిందంటే

రూట్ కెనాల్ అయ్యాక పాత సలుపు పోయింది గానీ, మెత్తటి ఇడ్లీ నమిలినా ఆ పన్నే ముందు తగిలి జివ్వుమనేది. నరం తీసేశాక నొప్పేమిటని టెన్షన్. తీసేది పంటి లోపలి నరమే. వేరు చుట్టూ ఉన్న కణజాలానికి స్పర్శ ఉంటుంది, అది వాస్తే నొప్పే. కొద్ది రోజులు ఇలా ఉండటం మామూలే. కొరికినప్పుడే నొప్పి, అదీ తగ్గట్లేదంటే ఫిల్లింగ్ ఎత్తుగా ఉందేమో చూపించుకోవాలి.

డాక్టరుగారు పళ్ల మధ్య నీలం కార్బన్ కాగితం పెట్టి కొరకమన్నారు. ఫిల్లింగ్ మీద ఒకచోట ముదురు మచ్చ పడింది, అంటే ఎత్తు అక్కడే. అక్కడ కాస్త అరగదీసి, మళ్లీ కొరికించి, మళ్లీ అరగదీశారు. మత్తు ఇంజక్షన్ కూడా అక్కర్లేకపోయింది. మర్నాటికే తేడా తెలిసింది.

పైకి కనిపించే వాపు, జ్వరం, చీము ఉంటే మాత్రం వేరే సంగతి, వెంటనే వెళ్లాలి. తర్వాత క్యాప్ వేసినప్పుడూ ఆ కాగితం పరీక్ష అడిగి మరీ చేయించుకున్నాను.