దస్తావేజు చదవడం నేర్చుకుందాం – నాలుగవ పాఠం: హద్దులు

అమ్మేవారు, కొనేవారు, ప్రతిఫలం, ఆస్తి అమ్మేవారికి సంక్రమించిన తీరు – ఇంతవరకు గత మూడు పాఠాల్లో చదివాం. ఇప్పుడు దస్తావేజు చివర ఉండే షెడ్యూలుకు, అంటే ఆస్తి వివరాల పట్టికకు వచ్చాం. చాలామంది ఇందులో సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకుని పుట తిప్పేస్తారు. వాటి దగ్గరే నాలుగు పంక్తుల్లో ఉండే హద్దులను నిదానంగా చదివేవారు తక్కువ. దస్తావేజు మొత్తంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసినవి ఆ నాలుగు పంక్తులేనని నా నమ్మకం. ఎందుకంటే కాగితం మీది ఆస్తిని నేల మీద వేలు పెట్టి చూపించగలిగేవి అవే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ కూడా, స్థిరాస్తిని గుర్తించడానికి సరిపడేంత వివరణ లేని పత్రాన్ని రిజిస్ట్రేషనుకు స్వీకరించరాదని చెబుతుంది.

ముందుగా మాట సంగతి. హద్దు అనే మాటను మనం రోజూ రెండు తీరులుగా వాడుతుంటాం. హద్దురాయి, హద్దు తగాదా, హద్దులు చూపించడం అన్నప్పుడు అది నేలకు సంబంధించినది. హద్దు మీరి మాట్లాడటం, హద్దూ పద్దూ లేకుండా ఖర్చు చేయడం అన్నప్పుడు అది నడవడికకు సంబంధించినది. దస్తావేజులో మొదటి అర్థమే వర్తిస్తుంది. అయితే అక్కడ దాని అర్థం ఇంకా ఇరుకైనది. ఆస్తికి ఒక దిక్కున ఆనుకుని ఏది ఉందో అదే ఆ దిక్కు హద్దు. అంటే హద్దు పంక్తిలో కనిపించేది మీ ఆస్తిలోనిది కాదు, మీ ఆస్తి ముగిసిన చోట మొదలయ్యేది. ‘తూర్పు: డొంక’ అని ఉంటే ఆ డొంక (బండ్లబాట) మీకు రాదు, మీ భూమి డొంక అంచు వరకే. ఈ ఒక్క సూత్రం మనసులో నిలిస్తే పాఠంలో సగం వచ్చినట్లే.

దీనికి దగ్గరి మాటలు మరికొన్ని ఉన్నాయి. వాటిని కలగలపకూడదు. గట్టు అంటే కంటికి కనిపించే మట్టికట్ట. రాయలసీమలో గెనిమ అని, తెలంగాణలో ఒడ్డు అని అనేది దీనినే. గట్టు సాధారణంగా హద్దు మీదే ఉంటుంది కానీ, గట్టు ఉన్న ప్రతిచోటా హద్దు ఉండదు. ఒకే రైతు పొలంలో మడికీ మడికీ మధ్య కూడా గట్లు ఉంటాయి. పొలిమేర ఊరికి చెందిన మాట. ‘ఉత్తరం: పొరుగు గ్రామపు పొలిమేర’ అని కనిపిస్తే, ఆ వైపు రికార్డులు వేరే గ్రామానివి కాబట్టి అక్కడా విచారించుకోవాలి. సరిహద్దు అనే మాటను జిల్లాలకు, రాష్ట్రాలకు, దేశాలకు ఎక్కువగా వాడతాం. నాలుగు దిక్కుల హద్దుల వివరాన్ని కలిపి దస్తావేజుల్లో చెక్కుబందీ అంటారు.

ఇక చదవడం. ఈ పాఠం కోసం నేను రాసిన ఒక నమూనా చూడండి.

తూర్పు: ఊరి డొంక. దక్షిణం: మా అన్నగారి వాటా భూమి. పడమర: పంట కాలువ. ఉత్తరం: మాకు మిగిలిన భూమి. ఈ నాలుగు హద్దుల మధ్య గల య. 1-20 సెంట్ల మెట్ట భూమి.

ఇందులో ‘య.’ అంటే ఎకరాలు. దిక్కులు ఇక్కడ తూర్పుతో మొదలై ప్రదక్షిణంగా సాగాయి. కొన్ని దస్తావేజుల్లో ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అనే వరుస ఉంటుంది. వరుసను బట్టి కాకుండా, ప్రతి దిక్కు పేరు చదివి కాగితం మీద చిన్న పటం గీసుకోండి; పటం గీయకుండా హద్దులు చదవడం అలవాటు చేసుకోవద్దు.

తూర్పున డొంక, పడమర పంట కాలువ ఉన్నాయి. ఇవి మనుషుల పేర్లతో మారేవి కావు కాబట్టి గట్టి ఆనవాళ్లు. భూమికి దారి ఉన్నదీ లేనిదీ కూడా హద్దుల్లోనే తెలుస్తుంది. నాలుగు వైపులా ఇతరుల పొలాలే ఉంటే, బండి ఏ దారిన రావాలో, ఆ దారి హక్కు దస్తావేజులో ఎక్కడ రాశారో వెదకాలి. కాలువ హద్దుగా ఉన్నప్పుడు కాలువ గట్టు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అది ప్రభుత్వ పోరంబోకుగా (ఎవరి పట్టాలోనూ లేని ప్రభుత్వ భూమిగా) నమోదై ఉంటే, ఎన్నేళ్లుగా అక్కడ చెట్లు పెంచినా అది మీ విస్తీర్ణంలోకి రాదు.

దక్షిణాన ‘మా అన్నగారి వాటా’ అన్నారు. అంటే ఒకప్పుడు ఇది ఉమ్మడి ఆస్తి. ఆ పంపకం రాతపూర్వకంగా జరిగిందా, అందులో ఈ వాటాకు ఇవే హద్దులు చూపారా అని అడగవలసిన చోటు ఇదే.

నాలుగింటిలోనూ ఎక్కువ ఆలోచించవలసింది ఉత్తరం పంక్తి. ‘మాకు మిగిలిన భూమి’ అంటే అమ్మేవారు తమ కమతంలో కొంత ముక్కను మాత్రమే అమ్ముతున్నారు. పాత గట్టు లేని చోట కొత్తగా గీత గీయాలన్నమాట. ఆ గీతను రిజిస్ట్రేషనుకు ముందే కొలిపించి, రాళ్లు పాతించి, సబ్‌డివిజన్ (ఆ ముక్కకు విడిగా ఉప నంబరు) చేయించుకోకపోతే, రేపు ఆ మిగిలిన భూమిని మరొకరు కొన్ననాడు గొడవ అక్కడే మొదలవుతుంది. నేను చూసిన హద్దు తగాదాల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క పంక్తే.

విస్తీర్ణం దగ్గర ఒక జాగ్రత్త. ఎకరానికి నూరు సెంట్లు, లేదా 40 కుంటలు. చదరపు గజాల్లో 4840. కాబట్టి ‘1-20’ అని మాత్రమే రాసి ఉంటే, సెంట్ల లెక్కలో అది ఎకరం మీద ఐదోవంతు, తెలంగాణలో వాడే కుంటల లెక్కలో ఎకరంన్నర. అంకెల పక్కన ఉన్న అక్షరాన్ని చూడకుండా ముందుకు సాగవద్దు.

హద్దులకు, విస్తీర్ణానికి పొంతన కుదరకపోతే ఏది నిలుస్తుంది? నాలుగు హద్దులు స్పష్టంగా, నిశ్చితంగా ఉన్నప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా విస్తీర్ణం కంటే హద్దులకే విలువనిస్తాయి. నంబరు పొరపాటు విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ప్లాటు నంబరు 160కి బదులు 1060 అని పడిన ఒక కేసులో, హద్దులు, విస్తీర్ణం వంటి మిగతా వివరాలు సరిపోవడంతో, సుప్రీంకోర్టు 1961లో దానిని కేవలం వివరణలో దొర్లిన తప్పుగా పరిగణించింది. అలాగని కొలతను నిర్లక్ష్యం చేయరాదు. హద్దుల్లో ఒకటి ‘మాకు మిగిలిన భూమి’ వంటిదైతే ఆ హద్దే నిశ్చితం కాదు. అప్పుడు గీత ఎక్కడ పడుతుందో విస్తీర్ణమే చెప్పవలసి వస్తుంది.

సరిచూసే పద్ధతి సులభమైనదే, కాని ఓపిక కావాలి. మీ తూర్పు హద్దుదారుకు మీరే పడమటి హద్దు. అందుచేత పొరుగువారి దస్తావేజులో ఆ దిక్కున మీ పేరో, మీకు అమ్మినవారి పేరో, వారి పూర్వీకుల పేరో కనిపించాలి. పాత దస్తావేజులో ఉన్న పొరుగు పేరు ఇప్పుడు ఊళ్లో ఎవరికీ తెలియకపోవచ్చు. ఆయన వారసులు ఎవరో, ఎవరికి అమ్మారో పెద్దవారిని అడిగి తెలుసుకుని పక్కన రాసుకోండి. తరువాత సర్వే రికార్డు తీయించండి. కొలతలతో ఉండే ఆ క్షేత్ర పటాన్ని ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అని, తెలంగాణలో టిప్పన్ అని అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కనుక, పాత దస్తావేజు చదివేటప్పుడు రెండు నంబర్లనూ జతచేసి చూసుకోవాలి. ఆ పటంతో పొలానికి వెళ్లి రాళ్లు వెదకండి. రాయి కనిపించకపోతే మీరే ఒకటి పాతవద్దు, సర్వేయరు చేత కొలిపించండి. ప్రభుత్వం నాటిన హద్దురాయిని పెకలించడం, జరపడం జైలుశిక్ష పడదగిన నేరం.

ఇళ్ల దస్తావేజుల్లో హద్దుతోపాటు ఆ వైపు పొడవు కూడా అడుగుల్లో ఇస్తారు. ‘ఉమ్మడి గోడ’ అని ఉందా, ‘మా సొంత గోడ’ అని ఉందా అన్నది తప్పక చూడండి; పైఅంతస్తు కట్టదలిచిన రోజున ఆ మాట విలువ తెలుస్తుంది.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక దస్తావేజు తీసి, దాని హద్దులతో పటం గీయండి. ఆ స్థలానికి వెళ్లి ప్రతి దిక్కున ఇప్పుడు ఏముందో, ఎవరున్నారో వేరే రంగులో రాయండి. తరువాత ఈ చిక్కు విప్పండి: పై నమూనా భూమిని మీరు కొన్నారు. ఐదేళ్ల తరువాత ఉత్తరాన మిగిలిన భూమిని అదే యజమాని మరొకరికి అమ్మారు. ఆ కొత్త దస్తావేజులో దక్షిణపు హద్దు ‘పంట బోదె’ (పొలానికి నీరు పారే చిన్న కాలువ) అని ఉంది. మీ పేరు ఎక్కడా లేదు. ఆ బోదె ఎవరి నేల మీద ఉన్నట్లు? అది తేల్చడానికి ఏయే కాగితాలు కావాలి? సమాధానాన్ని ఐదవ పాఠంలో, లింకు దస్తావేజుల (అదే ఆస్తికి సంబంధించిన పాత దస్తావేజుల) గురించి చదివేటప్పుడు చూద్దాం.