వరల్డ్ కప్‌లో ఏ జట్టు ఎలా ఆడిందో స్నేహితులతో గట్టిగా, సరిగ్గా వాదించడం ఎలా?

2022లో ఖతార్ వరల్డ్ కప్ మొదలైన వారంలోనే ఫుట్‌బాల్ అభిమానుల నోట రెండు తీర్పులు వినిపించాయి. "అర్జెంటీనా పని అయిపోయింది" అనేది ఒకటి, "స్పెయిన్‌ను ఆపేవాళ్లు లేరు" అనేది రెండోది. అర్జెంటీనా సౌదీ అరేబియా చేతిలో 2-1 తేడాతో ఓడింది, స్పెయిన్ కోస్టారికాను 7-0తో చిత్తు చేసింది. నెల తిరక్కుండానే అర్జెంటీనా కప్పు ఎత్తింది. స్పెయిన్ ప్రీక్వార్టర్స్‌లో మొరాకో మీద అదనపు సమయంతో కలిపి 120 నిమిషాలు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. విజేతను తేల్చడానికి చివర్లో పెట్టే పెనాల్టీల షూటౌట్‌లో కొట్టిన మూడు పెనాల్టీలూ పోయి ఇంటికెళ్లిపోయింది.

అలా అన్నవాళ్లకు ఆట తెలియదని కాదు. స్కోరు చూసి ఆట మీద తీర్పు చెప్పేశారు, అంతే. క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు ఈ అలవాటు ఇంకాస్త ఎక్కువ. వన్డేలో రెండు జట్లూ కలిసి అయిదొందల పరుగులు చేస్తే, స్కోరుకార్డు చూసినా ఆట చాలావరకు అర్థమవుతుంది. ఫుట్‌బాల్‌లో గంటన్నర ఆడితే పడేవి రెండో మూడో గోల్స్. పోస్టుకు తగిలిన బంతి లోపలికి పోయిందా, బయటికి పోయిందా అన్నదాంతో మ్యాచ్ మొత్తం తారుమారవుతుంది. అందుకే ఫలితాన్నీ ఆటనూ విడదీసి మాట్లాడటం నేర్చుకోవాలి. మ్యాచ్ అయ్యాక జరిగే చర్చ మ్యాచ్‌తో సమానంగా ఆనందాన్ని ఇస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని అరుపులతో పాడుచేసుకోకుండా ఉండాలంటే ఇలా చేయండి.

1. ముందు ఏ ప్రశ్న మీద వాదిస్తున్నారో తేల్చుకోండి

"ఆ జట్టు బాగా ఆడింది" అనే మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. ఎంత దూరం వెళ్లింది అనేది ఒకటి. మైదానంలో ఆట ఎలా ఉంది అనేది ఇంకొకటి. తన స్థాయికి, జనం పెట్టుకున్న అంచనాకు తగ్గట్టు ఆడిందా అనేది మూడోది. గంటల తరబడి తెగని వాదనలు చాలావరకు ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పడం వల్లే వస్తాయి.

క్రొయేషియానే తీసుకోండి.

"ఏం ఆడిందని బావా దానికి మూడో స్థానం? ఏడు మ్యాచుల్లో నిఖార్సుగా గెలిచింది రెండే."

"నలభై లక్షల జనాభా కూడా లేని దేశం బావా అది. వరసగా రెండు వరల్డ్ కప్పుల్లో సెమీస్‌కు వచ్చింది."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 2022లో క్రొయేషియా 90 నిమిషాల్లో గెలిచింది కెనడా మీద, మూడో స్థానం మ్యాచ్‌లో మొరాకో మీద మాత్రమే. జపాన్‌నూ బ్రెజిల్‌నూ పెనాల్టీలతో దాటింది. మొదటి బావ ఆట గురించి మాట్లాడుతున్నాడు, రెండో బావ అంచనా గురించి. ఈ తేడా పట్టుకుంటే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. మిగతా సగం మాత్రం అసలైన చర్చ, దాన్ని వదులుకోకండి.

2. హైలైట్స్ చూసి వాదనకు దిగకండి, మ్యాచ్‌ను ముక్కలుగా చూడండి

హైలైట్స్‌లో గోల్స్ కనిపిస్తాయి, ఆ గోల్స్ ఎందుకు పడ్డాయో కనిపించదు. మ్యాచ్ మొత్తం మళ్లీ చూసే తీరిక లేకపోతే సబ్‌స్టిట్యూషన్లు జరిగిన సమయాలు రాసుకుని, వాటికి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు చూడండి. ఆ ఇరవై నిమిషాల్లో బంతి వెంట కళ్లు పోనివ్వకుండా, బంతి లేని ఆటగాళ్లు ఎక్కడ నిలబడుతున్నారో గమనించండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది గానీ రెండు మూడు మ్యాచ్‌లకు కన్ను అలవాటు పడుతుంది.

దీనికి 2022లో జరిగిన జర్మనీ, జపాన్ మ్యాచ్ కన్నా మంచి పాఠం నాకు తెలియదు. మొదటి సగంలో జర్మనీ జపాన్‌ను ఊపిరి తీసుకోనివ్వలేదు. 33వ నిమిషంలో గుండోగన్ పెనాల్టీతో 1-0 అయింది. విరామంలో జపాన్ కోచ్ మొరియాసు పక్కల నుంచి దాడి చేసే వింగర్ కుబోను తీసేసి డిఫెండర్ తోమియాసును దింపాడు. వెనకబడిన జట్టు ఇంకో డిఫెండర్‌ను దింపడం చూసి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. నిజానికి జరిగిందేమిటంటే, వెనక ముగ్గురు నిలబడటంతో రెండు పక్కల ఆడేవాళ్లకు ముందుకు వెళ్లే స్వేచ్ఛ వచ్చింది. ఆ తర్వాత మితోమా, అసానో, దోవాన్, మినామినో దిగారు. 75వ నిమిషంలో మితోమా ఎడమవైపు నుంచి బంతి అందించాడు. మినామినో కొట్టిన దాన్ని జర్మనీ గోల్‌కీపర్ నోయర్ చేత్తో తోశాడు, ఎదురుగా ఉన్న దోవాన్ గోల్ కొట్టాడు. ఈ గోల్‌లో పాలున్న ముగ్గురూ బెంచ్ మీద నుంచి వచ్చినవాళ్లే.

83వ నిమిషంలో రెండోది. జపాన్ సగం నుంచి ఇటకురా పొడుగ్గా ఫ్రీకిక్ కొట్టాడు. జర్మనీ డిఫెన్స్‌లో అందరూ ముందుకు జరిగితే ఒక్క సూలే వెనక ఉండిపోయాడు, దాంతో అసానో ఆఫ్‌సైడ్ (బంతి అందించే సమయానికి ఎదుటి డిఫెన్స్‌ను దాటి ముందుండే తప్పు) కాలేదు. పైనుంచి వస్తున్న బంతిని కాలితో మెత్తగా దించుకుని, డిఫెండర్ ష్లోటర్‌బెక్ వెంటపడుతుండగానే పరిగెత్తి, నోయర్‌కూ దగ్గరి పోస్టుకూ మధ్య ఉన్న చిన్న సందులోంచి పైకి కొట్టాడు. దీన్ని "అదృష్టం" అన్నవాళ్లతో నేను ఎప్పటికీ ఒప్పుకోను. దోవాన్, అసానో ఇద్దరూ అప్పటికి జర్మనీ క్లబ్బుల్లోనే ఆడుతున్నారు, ఆ డిఫెండర్లు వాళ్లకు కొత్తవాళ్లు కాదు.

3. అంకెలు వాడండి, కానీ ఏ అంకె ఏం చెబుతుందో తెలుసుకుని వాడండి

అన్నింటికన్నా ఎక్కువమందిని మోసం చేసేది పొసెషన్. బంతి ఎంతసేపు ఎవరి దగ్గర ఉందో అది చెబుతుంది, ఆ సమయంలో ఏం చేశారో చెప్పదు. మొరాకో మీద స్పెయిన్ ఇచ్చిన పాస్‌లు సుమారు వెయ్యి. గోల్ వైపు సరిగ్గా వెళ్లిన షాట్ ఒక్కటే. మొరాకో తన పెనాల్టీ ప్రాంతం ముందు ఇరుగ్గా నిలబడి, బంతిని అటూ ఇటూ తిప్పుకోవడానికి స్పెయిన్‌ను వదిలేసింది. "స్పెయిన్ ఆధిపత్యం చూపింది" అని ఎవరైనా పొసెషన్ శాతం చూపిస్తే, ఆ పాస్‌లు మైదానంలో ఎక్కడ జరిగాయని అడగండి.

షాట్ల సంఖ్య దానికన్నా కొంత నయం. కానీ అదీ పూర్తి సాక్ష్యం కాదు. 2014 సెమీఫైనల్లో బ్రెజిల్‌ను జర్మనీ 7-1తో ఓడించిన రోజున షాట్లు ఎక్కువ కొట్టింది బ్రెజిలే. అప్పటికే అయిదు గోల్స్ తేడా వచ్చేసిన మ్యాచ్‌లో రెండో సగం షాట్లకు విలువ ఏముంటుంది? అందుకే స్కోరు ఎంత ఉండగా కొట్టారు అనేది కూడా చూడాలి. ముందంజలో ఉన్న జట్టు వెనక్కి తగ్గుతుంది, వెనకబడ్డ జట్టు ఎగబడుతుంది. 2-0తో గెలుస్తున్న జట్టుకు చివరి అరగంటలో షాట్లు లేవని తప్పుపడితే అది అన్యాయం.

ఇప్పుడు అందరూ వాడుతున్న ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, అంటే పడాల్సిన గోల్స్ అంచనా) ఈ రెండింటికన్నా మెరుగు. అలాంటి చోటు నుంచి, అలాంటి పరిస్థితిలో కొట్టిన షాట్లు గతంలో ఎన్నిసార్లు గోల్ అయ్యాయో చూసి, ఒక్కో షాట్‌కు సున్నా నుంచి ఒకటి మధ్య విలువ ఇస్తారు. పెనాల్టీకి సుమారు 0.78 వస్తుంది. పాతిక గజాల దూరం నుంచి గుంపులోంచి కొట్టిన దానికి నామమాత్రంగా వస్తుంది. ఒక మ్యాచ్ ఎక్స్‌జీ పట్టుకుని "గెలవాల్సింది వాళ్లే" అనడం మాత్రం తొందరపాటు. టోర్నమెంట్ మొత్తానికి కలిపి చూస్తేనే అది కొంత నమ్మదగ్గ సాక్ష్యం అవుతుంది.

సౌదీ మ్యాచ్‌ను ఈ కళ్లతో చూడండి. అర్జెంటీనా పదిసార్లు ఆఫ్‌సైడ్ అయింది. మొదటి సగంలో మూడుసార్లు బంతి గోల్‌లో పడినా చెల్లలేదు. సౌదీ గోల్ వైపు కొట్టిన షాట్లు రెండే, రెండూ గోల్ అయ్యాయి. అర్జెంటీనాకు ఆ రోజు దురదృష్టం ఎదురైన మాట నిజమే. కానీ సౌదీ కోచ్ రెనార్ తన డిఫెన్స్‌ను మధ్యగీత దగ్గరి దాకా తెచ్చి నిలబెట్టడానికి చూపిన ధైర్యం అదృష్టం ఖాతాలో వేయకూడదు. ఓడాక అర్జెంటీనా కోచ్ స్కలోనీ కూర్చుని ఏడవలేదు. మాక్ అలిస్టర్, తర్వాత ఎంజో ఫెర్నాండెజ్, జూలియన్ అల్వారెజ్‌లను మొదటి పదకొండు మందిలోకి తెచ్చాడు. ఫైనల్ ఆడిన అర్జెంటీనా మొదటి మ్యాచ్ ఆడిన అర్జెంటీనా కాదు. కాబట్టి "అర్జెంటీనా ఎలా ఆడింది" అని అడిగితే ఎప్పటి అర్జెంటీనా అని ఎదురు ప్రశ్న వేయడం న్యాయమే.

4. ఎవరితో ఆడారు, ఎలాంటి స్థితిలో ఆడారు?

మొరాకో సెమీస్ చేరే దారిలో క్రొయేషియా, బెల్జియం, స్పెయిన్, పోర్చుగల్ ఎదురయ్యాయి. అప్పటిదాకా మొరాకో మీద పడింది ఒక్క గోలే, అదీ కెనడా మ్యాచ్‌లో సొంత ఆటగాడి కాలికి తగిలి పడింది. ఫ్రాన్స్ చేతిలో 2-0తో ఓడినప్పుడు "చివరికి అసలు స్థాయి బయటపడింది" అన్నవాళ్లు, ఆ మ్యాచ్‌కు ముందు వార్మప్ దాకా వచ్చి డిఫెండర్ అగెర్ద్ తప్పుకున్నాడని, కెప్టెన్ సాయిస్ 21వ నిమిషంలోనే మైదానం వదిలాడని మర్చిపోయారు. అలాగే ఫ్రాన్స్ ఫైనల్ చేరడాన్ని తూచేటప్పుడు గాయాలతో పోగ్బా, కాంటే, బెంజెమా లాంటి ముఖ్యులు లేరన్న సంగతి కూడా తూకంలో పెట్టాలి. మనకు నచ్చిన జట్టు గాయాలే లెక్కలోకి తెచ్చి ఎదుటి జట్టువి వదిలేయడం అభిమానులు చాలా తరచుగా చేసే పొరపాటు.

మన దేశం సంగతి కూడా ఇలాగే చూడొచ్చు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. హంగరీ రాకపోవడంతో మొదటి మ్యాచ్ ఆడకుండానే ముందుకు వెళ్లింది, ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, తర్వాత యుగోస్లావియా, బల్గేరియాల చేతిలో ఓడింది. గెలిచింది ఒక్క మ్యాచే కదా అని తీసిపారేయొచ్చు. నేను మాత్రం యుగోస్లావియా మీద మొదటి గోల్ కొట్టింది భారతే అని, ఆ యుగోస్లావియా రజతం తెచ్చుకుందని గుర్తుచేస్తాను. రహీం సాబ్‌కు దక్కాల్సిన గౌరవం మన దగ్గర ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు.

5. షూటౌట్‌ను పక్కన పెట్టండి

రికార్డుల్లో షూటౌట్ దాకా వెళ్లిన మ్యాచ్‌ను డ్రాగానే రాస్తారు. 2022 ఫైనల్ కూడా 3-3 డ్రాయే. పెనాల్టీలు కొట్టడం నైపుణ్యమే, కాదనను. దాన్ని ముందు జరిగిన 120 నిమిషాలతో కలిపి తీర్పు చెప్పకండి.

6. మాట్లాడే తీరు

మ్యాచ్ అయిన పది నిమిషాల్లో వాదించకండి. ఓడిన జట్టు అభిమాని అప్పుడు బాధలో ఉంటాడు, సాక్ష్యాలు వినే స్థితిలో ఉండడు. మర్నాడు మొదలుపెట్టండి.

ఎదుటివాడి మాటను ముందు మీరే ఒకసారి చెప్పి, "ఇదేనా నువ్వనేది?" అని అడగండి. అతను అవునన్నాకే జవాబివ్వండి. తర్వాత "ఏం చూపిస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావు?" అని అడగండి. అదే ప్రశ్నకు మీ దగ్గర కూడా జవాబు ఉండాలి. ఏం చూపించినా మారనంటే అది అభిమానం, దానికి గౌరవం ఇచ్చి టీ తాగండి.

ఆటగాడి ఆటను ఎంతైనా విమర్శించండి, మనిషి జోలికి మాత్రం పోవద్దు. యూరో 2020 ఫైనల్ 2021 జులైలో వెంబ్లీలో జరిగింది. ఇంగ్లండ్ తరఫున పెనాల్టీలు పోగొట్టిన రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాలను ఆన్‌లైన్‌లో జాతి పేరుతో దూషించారు. సాకాకు అప్పటికి 19 ఏళ్లు. ఆ కుర్రాడికి అయిదో పెనాల్టీ అప్పగించిన నిర్ణయం మీద గంటసేపు చర్చించొచ్చు, అది కోచ్ నిర్ణయం. మిగతాది ఫుట్‌బాల్ చర్చ కానే కాదు, మీ గ్రూపులో ఎవరైనా మొదలుపెడితే అక్కడే ఆపండి.

7. టోర్నమెంట్‌కు ముందే రాసిపెట్టుకోండి

ఫలితం తెలిశాక అందరికీ "నేను ముందే చెప్పాను" అనిపిస్తుంది. అందుకని మొదటి మ్యాచ్‌కు ముందే ప్రతి గ్రూపులో ఎవరు ముందుకు వెళ్తారో, ఎందుకు వెళ్తారో ఒక్కో వాక్యం రాసి, ఫొటో తీసి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కారణం రాయడం తప్పనిసరి. జట్టు గెలిచినా మీరు చెప్పిన కారణం తప్పయి ఉండొచ్చు, అది తెలుసుకోవడమే ఇందులో అసలు లాభం.

2026 నుంచి 48 జట్లు, నాలుగేసి జట్లతో 12 గ్రూపులు అన్న పద్ధతి కాబట్టి రాసేటప్పుడు ఒక విషయం చూసుకోండి. మూడో స్థానంలో ఉన్నవాటిలో మెరుగైన ఎనిమిది జట్లు కూడా నాకౌట్‌కు వెళ్తాయి. యూరో 2016లో ఇలాంటి నిబంధనే పోర్చుగల్‌కు కలిసొచ్చింది. గ్రూపులో మూడింటికి మూడూ డ్రా చేసుకుని మూడో స్థానంతో గట్టెక్కి, చివరికి కప్పు తీసుకెళ్లింది. గ్రూప్ దశలో ఒక జట్టు డ్రాలతో నెట్టుకొస్తుంటే "అయిపోయింది" అని రాసేముందు పాయింట్ల పట్టిక, మిగిలిన గ్రూపుల మూడో స్థానాలు ఒకసారి చూసుకోండి.