ట్యాబ్‌లో పాత డ్రాయింగే తెరుచుకుంటుంటే

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో చాలామంది అడిగేదే: డ్రాయింగ్ రివిజన్ (సవరించిన వెర్షన్) మారినా అసెంబ్లీ ట్యాబ్‌లో పాత డ్రాయింగే వస్తోంది. మా దగ్గర బోల్టు ఎం8 (8 మి.మీ.) పోయి ఎం10 (10 మి.మీ.) వచ్చినా, తెరమీద టార్క్ (ఎంత బిగించాలో చెప్పే కొలత) పాత 25 న్యూటన్ మీటర్లే. యాప్ రీఇన్‌స్టాల్, కొత్త రౌటర్, క్యాష్ తుడవడం, ఏదీ పనిచేయలేదు.

తిరకాసంతా జాబ్ కార్డు (ఒక్కో పనికి ఇచ్చే కాగితం) మీది క్యూఆర్‌లో ఉంది. కార్డు ప్రింట్ తీసినప్పటి రివిజన్ పీడీఎఫ్ లింకే నేరుగా అందులో అచ్చయింది. ముందుగా క్యూఆర్‌లో వర్క్ ఆర్డర్ నంబరు ఒక్కటే ఉంచి కార్డులు మళ్లీ ప్రింట్ తీశాం. ఆ ఆర్డరుకు వర్తించే రివిజన్‌ను సర్వరే వెతికి ఇచ్చేలా పెట్టాం. తర్వాత పీడీఎఫ్‌లన్నీ సర్వర్ మాత్రమే తెరవగల ఫోల్డర్‌కి మార్చాం. ఎవరైనా పాత కార్డు స్కాన్ చేస్తే ఎర్రరే రావాలి, డ్రాయింగ్ రాకూడదు. చివరగా, సగం బిగించిన మెషీన్ల ఆర్డర్లను పాత రివిజన్‌కే కట్టేశాం. ఇది మరిస్తే ఎం8 ట్యాప్ కొట్టిన (మరలు కోసిన) రంధ్రం ముందు ఎం10 బోల్టు పట్టుకుని నిలబడాల్సిందే.

ఫైళ్లను ట్యాబ్‌లోనే దాచుకునే ఆఫ్‌లైన్ యాప్‌లకు మాత్రం ఈ మార్పు ఒక్కటే చాలకపోవచ్చు.