‘రన్’ అంటే పరుగేనా? ఒక ఇంగ్లిషు క్రియను మూలం దాకా చదవడం ఎలా

ఇంగ్లిషు క్రియల్ని జాబితాలుగా బట్టీ పట్టే అలవాటు మన విశాఖలో ఎంత పాతుకుపోయిందో చూడాలంటే ద్వారకానగర్‌లో ఏ జిరాక్సు దుకాణం ముందైనా నిలబడితే చాలు. ‘రన్ ఇంటు’కు ఒక తెలుగు మాట, ‘రన్ అవుట్ ఆఫ్’కు ఇంకో మాట, అలా పేజీలకు పేజీలు. పరీక్ష అయ్యాక వాటిలో ఒక్కటీ గుర్తుండదు. నేను చెప్పే పద్ధతిలో క్రియ ఒక్కటే, గడువు వారం. ‘రన్’తో చూపిస్తాను.

కావలసినవి: నోటుపుస్తకం, పెన్సిలు, పదాల పుట్టుక కూడా ఇచ్చే ఇంగ్లిషు–ఇంగ్లిషు నిఘంటువు. పెన్ను వద్దు, కొట్టివేతలతో నిండిన పేజీని ఎవరూ మళ్లీ తెరవరు. ఇంగ్లిషు–తెలుగు నిఘంటువును చివరి రోజు దాకా ముట్టుకోకండి. శంకరనారాయణ నిఘంటువంటే నాకు గౌరవమే, కానీ తెలుగు మాట ముందే కనబడితే బుర్ర అక్కడే చతికిలబడుతుంది. ఇంట్లో పెద్ద నిఘంటువు లేనివారు పౌర గ్రంథాలయానికి వెళ్లండి. ఫోనులో చూసుకోవచ్చు గానీ, అది మొదటి రెండు అర్థాలు చూపి మిగిలినవి మడిచి పెడుతుంది.

మొదటి పని, నిఘంటువు తెరవకుండా వాక్యాలు ఏరడం. రెండు రోజులు చాలు. ఇంగ్లిషు పత్రికలో, నోటీసు బోర్డు మీద, టీవీలో ‘రన్’ ఎక్కడ కనబడినా వాక్యం మొత్తం రాసుకోండి. విశాఖలో దీనికి కరువు లేదు. నేవీ మారథాన్‌లో జనం రన్ అవుతారు. ద్వారకా బస్ స్టేషన్ నుంచి బస్సులు రన్ అవుతాయి. బీచ్ రోడ్డు తీరం వెంబడి భీమిలి దాకా రన్ అవుతుంది. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎం.వి. మా’ గురించి ఇంగ్లిషు పత్రికలు రాసినప్పుడు అక్కడా ఈ క్రియే. ముక్కు, రంగు, ఇంజను, సినిమా, కంపెనీ అన్నీ రన్ అయ్యేవే. ఈ మాటకు హద్దు లేదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు సంపాదకులు ఈ శతాబ్దంలో దీన్ని తిరగరాసినప్పుడు ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు తేలాయి. 1989 నాటి ముద్రణలో ఆ పెద్దపీట ‘సెట్’ది.

రెండో పని, ప్రతి వాక్యం పక్కన మనం ఇంట్లో ఏమంటామో రాయడం. ముక్కు కారుతోంది. రంగు దిగింది. సినిమా వంద రోజులు ఆడింది. బస్సు నడుస్తోంది. బియ్యం నిండుకున్నాయి. ‘పరుగెత్తు’ అనే మాట మారథాన్ దగ్గర తప్ప ఇంకెక్కడా అతకదు. అది మీ కళ్లకు కనబడాలనే ఈ పని. ఇక్కడ తొందరపడి సూత్రాలు చేయకండి.

మూడో పని మూలం వెతకడం. అందరూ పాడుచేసేది దీన్నే, అందుకే నిదానంగా చెబుతాను.

పాత ఇంగ్లిషులో దీనికి రెండు క్రియలున్నాయి. ఒకటి ‘రిన్నన్’: తనంతట తాను పారడం, పరుగెత్తడం. దీనికే ‘ఇర్నన్’ అనే రూపం కూడా ఉంది. అక్షరాలు అటూ ఇటూ అయ్యాయని కంగారు పడనక్కర్లేదు. ఒకే మూలం నుంచి తమిళంలో ఇరండు, ఉరల్ అయితే మన దగ్గర రెండు, రోలు అయ్యాయి కదా, వర్ణవ్యత్యయం మనకు ఇంటి సంగతే. రెండో క్రియ ‘ఎర్నన్’. దాని పని పరుగెత్తించడం, గుర్రాన్ని దౌడు తీయించడం. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండులో స్థిరపడిన వైకింగుల భాషలోనూ ఇలాంటి జంటే ఉంది, ‘రిన్న’, ‘రెన్న’. ఇవన్నీ కలిసిపోయి నేటి ‘రన్’ అయింది. జర్మన్‌లో ఈ రెండూ ఇంకా విడిగానే ఉన్నాయి: ‘రిన్నెన్’ అంటే కారడం, పారడం, ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం.

అంటే ఇంగ్లిషు ఒకే మాటలో పారు, పారించు రెండూ కలిపేసుకుంది. మనం నడుచు, నడుపు అని విడిగా ఉంచుకున్నాం. కంపెనీ ‘రన్’ అవుతుంది, యజమాని దాన్ని ‘రన్’ చేస్తాడు అన్నప్పుడు పిల్లలు తడబడేది ఇక్కడే. ఈ ఒక్క సంగతి ముందు చెప్పి ఉంటే సగం జాబితా అవసరముండదు.

ఇక జాగ్రత్తలు. శబ్దం కలిసిందని చుట్టరికం కలపకండి. ‘రన్’ మన రణం నుంచే వచ్చిందని బల్లగుద్ది చెప్పేవాళ్లు ప్రతి పేటలోనూ ఒకరుంటారు. రణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చుట్టరికం చెప్పాలంటే మూడు చూడాలి: రెండు భాషల్లోనూ దొరికే అతి పాత రూపం, అప్పటి అర్థం, వాటి మధ్య ధ్వనులు పద్ధతి ప్రకారం మారడం. పితృ–ఫాదర్, పాద–ఫుట్ అన్నప్పుడు రెండుచోట్లా ‘ప’ ఎదుట ‘ఫ’ నిలిచింది చూడండి, అదీ పద్ధతి. ఒక్క జంట చూపించి గెలిచానంటే కుదరదు.

విచిత్రమేమిటంటే, చెవికి దూరంగా ఉన్న ‘రీతి’కి ఇందులో వాటా ఉండవచ్చు. వేద సంస్కృతంలో రీతి అంటే ప్రవాహం. విధానం, పద్ధతి అనే అర్థం తర్వాతిది. కొందరు పండితులు ‘రన్’ను, రీతిని, లాటిన్‌లో వాగు అనే అర్థమున్న ‘రీవుస్’ను ఒకే మూలానికి చేరుస్తారు. అందరూ ఒప్పుకున్నది కాదు కనుక నోటుపుస్తకంలో పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఆ ‘రీవుస్’ నుంచే ‘రైవల్’ వచ్చింది, ఒకే వాగు నీళ్లు వాడుకునేవాడు అని. నదీజలాల తగాదాలు ఎరిగిన మనకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. పాత అర్థమే అసలు అర్థం, తక్కినవి తప్పులు అనుకోవద్దు. పారడం పాతది కనుక ఎన్నికల్లో ‘రన్’ చేయడం తప్పయిపోదు, అది 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన వాడుక. బ్రిటన్‌లో అభ్యర్థి ‘స్టాండ్’ అవుతాడు. మన అభ్యర్థి కూడా నిలబడతాడు, గెలిచాక ఎటు పరుగెత్తుతాడన్నది వేరే సంగతి. అందుకే నిఘంటువులో అర్థం ఒక్కటే చూసి ఊరుకోకండి, దాని పక్కనున్న సంవత్సరం కూడా ఎక్కించుకోండి. సంవత్సరం లేని అర్థాన్ని నేను నోటుపుస్తకంలోకి రానివ్వను.

నాలుగో పని సులువు. పేజీ మధ్యలో ‘పారు’ అని రాయండి. ‘పరుగెత్తు’ అని రాస్తే మొత్తం చెడుతుంది. తెలుగులో నీళ్లూ పారతాయి, దొంగా పారిపోతాడు. ‘రన్’కు ఇంతకన్నా దగ్గరి మాట నాకు తోచలేదు. దాని చుట్టూ మీ వాక్యాలు అమర్చండి. ముక్కు, రంగు, కుళాయి ఒక పక్క. రోడ్డు, సరిహద్దు, వంశంలో వచ్చే జబ్బు ఇంకో పక్క, ఆగకుండా సాగేవి కనుక. బస్సు, ఇంజను, సినిమా మరో పక్క. యజమాని, కంపెనీ మాత్రం ‘పారించు’ కిందికి. బియ్యం అయిపోవడం ఎక్కడ పెట్టాలో మీరే తేల్చుకోండి. నేను మొదటి గుంపులో పెడతాను, పారి పారి అడుగంటింది కనుక. ఏ గుంపులోనూ ఇమడని వాక్యాన్ని బలవంతంగా తోయకుండా కింద విడిగా ఉంచండి.

ఇప్పుడు ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు తెరిచి మీ మాటలతో పోల్చుకోండి. తర్వాత వెంటనే ‘సెట్’ జోలికి పోకండి, దాని మూలంలోనూ రెండు క్రియల ముడి ఉంది గానీ చాలా చిక్కుగా ఉంటుంది. ‘ఫాల్’ తీసుకోండి, జంటగా ‘ఫెల్’ కూడా: పడు, పడగొట్టు.