ట్రైనింగ్ మెటీరియల్‌పై గొడవ నడుస్తుంటే కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసే విధానం

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లకు పేరున్న అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో కోర్సు పేరు చెబితే చాలు, స్పైరల్ బైండింగ్ చేసిన నోట్స్ చేతిలో పెడతారు. అది రాసిందెవరో దాని మీద తరచూ ఉండదు. ఫ్యాకల్టీ ఇన్‌స్టిట్యూట్ మారినప్పుడు "ఆ నోట్స్ నావి" అని ఒకరు, "మా దగ్గర జీతం తీసుకుంటూ రాశారు కదా" అని ఇంకొకరు మొదలుపెడతారు. ఇప్పుడు ఈ వాదన చాలావరకు ఈమెయిల్లోనే నడుస్తోంది. ఆ మెయిళ్లు రేపు మీ దరఖాస్తుకు బలం కావచ్చు, అడ్డం కూడా కావచ్చు. అందుకే ఫారం కన్నా ముందు మెయిల్ సంగతి చూసుకోవాలి.

దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. హక్కు అసలు మీదేనా? కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన దానికి మొదటి హక్కుదారు యజమాని. వేరే ఒప్పందం ఉంటేనే అది మారుతుంది. గెస్ట్ ఫ్యాకల్టీగా, ఫ్రీలాన్సర్‌గా సొంతంగా రాసుకుంటే సాధారణంగా హక్కు రాసినవాళ్లదే. హక్కులు బదిలీ చేశారంటే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లే లెక్క. కాబట్టి ముందుగా మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. ఒక్కోసారి అందులోని ఒక్క వాక్యంతో గొడవ అక్కడికక్కడే తేలిపోతుంది.

సబ్జెక్టు ఎవరి సొత్తూ కాదు. ఎస్‌క్యూఎల్ జాయిన్స్ (డేటాబేస్ పట్టికలను కలిపే పద్ధతులు) ఎవరైనా చెప్పుకోవచ్చు. మీరు వివరించిన మాటలు, వేసిన బొమ్మలు, అల్లుకున్న ఉదాహరణలు మాత్రం మీవి. మీ ఎంప్లాయీ టేబుల్‌లో ఒక జీతానికి పొరపాటున ఒక సున్నా ఎక్కువ పడిందనుకోండి. అవతలి పీడీఎఫ్‌లోనూ అదే వరుసలో అదే సున్నా కనిపిస్తే, అంతకన్నా గట్టి ఆనవాలు దొరకడం కష్టం. అలాంటివి పేజీ నంబర్లతో సహా రాసి పెట్టుకోండి.

ఇక మెయిల్. అది ఇలా ఉంటే చాలు:

"విషయం: ఎస్‌క్యూఎల్ నోట్స్, 14 నుంచి 22 పేజీల గురించి. నమస్తే అండి. మీ బ్యాచ్‌కు ఇచ్చిన పీడీఎఫ్‌లో ఈ పేజీలు నేను రాసిన నోట్స్‌తో మాటకు మాట సరిపోతున్నాయి. రెండూ జతచేశాను. వీటిని వాడుకోవడానికి నేను అనుమతి ఇచ్చినట్టు మీ దగ్గర కాగితం ఉంటే దయచేసి పంపండి. లేకపోతే వచ్చే సోమవారంలోగా వాటిని తీసేయమని కోరుతున్నాను."

ఇందులో "దొంగతనం" అన్న మాట లేదు, కేసు ఊసు లేదు. పాత స్టూడెంట్లను, అవతలివాళ్ల క్లయింట్లను సీసీలో పెట్టలేదు. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆధారం లేకుండా కేసు పెడతానని బెదిరిస్తే, 60వ సెక్షన్ కింద అవతలివాళ్లే కోర్టుకెళ్లి మిమ్మల్ని ఆపించవచ్చు, నష్టపరిహారం కూడా అడగవచ్చు. పైగా సగం గొడవలు అపార్థాలే. కొత్తగా చేరిన ఫ్యాకల్టీకి ఆ ఫైల్ ఎవరిదో తెలియకుండానే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చి ఉండవచ్చు. అడిగితే తీసేసేవాళ్లను తిట్టి శత్రువులను చేసుకోవడం దేనికి?

జవాబు వచ్చినా రాకపోయినా అసలు మెయిల్‌ను డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఆ ఫైల్ హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపడానికి దాని నుంచే లెక్కకట్టే కోడ్) కూడా రాయాలి.

దరఖాస్తు పెట్టేది కేంద్ర కాపీరైట్ ఆఫీసుకు. అది ఢిల్లీ ద్వారకలో ఉంది కానీ వెళ్లక్కర్లేదు. కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో లాగిన్ తెరిచి, 14వ నంబరు ఫారం నింపాలి. నోట్స్, స్లైడ్లు, ప్రాక్టీస్ పుస్తకాలు సాహిత్య రచన విభాగంలోకి వస్తాయి. ఫీజు 500 రూపాయలు. వీడియో పాఠాలు సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్ కింద లెక్క, వాటికి 5,000. ఒక దరఖాస్తు ఒక రచనకే. నోట్స్‌నీ వీడియోలనీ కలిపి పెడితే కుదరదు.

ఫారంలో జాగ్రత్తగా నింపాల్సింది రచయిత, హక్కుదారు వివరాలు. దరఖాస్తుదారు, రచయిత వేర్వేరు అయితే రచయిత నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ప్రచురించినవాళ్లు వేరే అయితే వాళ్ల ఎన్ఓసీ కూడా. రచన సొంతమా, అనువాదమా, వేరేదాన్ని మార్చి రాసిందా అనీ అడుగుతారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన మాన్యువల్ నుంచి పేజీలు ఎత్తి పెట్టుకుని ఉంటే ఇక్కడ సొంతమని రాయకూడదు. ముందు ఆ పేజీలు తీసేయండి. రిజిస్టర్‌లోకి తప్పుడు వివరం ఎక్కేలా చేస్తే అదే ఒక నేరం.

డబ్బు కట్టాక డైరీ నంబర్ (మీ దరఖాస్తు గుర్తింపు సంఖ్య) వస్తుంది. ఇక్కడే చాలామంది వదిలేసే పని ఒకటుంది. ఆ రచన మీద హక్కు ఉందని చెప్పుకునేవాళ్లకు, మీ హక్కును కాదంటున్నవాళ్లకు దరఖాస్తు సంగతి మీరే నోటీసు ద్వారా తెలియజేయాలని 2013 కాపీరైట్ రూల్స్‌లోని 70వ రూల్ చెబుతోంది. గొడవ పడిన ఇన్‌స్టిట్యూట్‌కు తెలియకుండా గప్‌చుప్‌గా చేయించుకుందామనే సలహా వినకండి. వాళ్ల అభ్యంతరం ఉందని మీ మెయిళ్లలోనే కనిపిస్తుంది కదా, తర్వాత సమాధానం చెప్పుకోవడం కష్టం.

30 రోజుల్లోగా అభ్యంతరం రాకపోతే పరిశీలన మొదలవుతుంది. లోపాలుంటే లెటర్ పంపుతారు, గడువులోగా జవాబివ్వాలి. అభ్యంతరం వస్తే ఇరువైపులా వాదన వింటారు. పాత మెయిళ్లు తేదీల వారీగా పెట్టుకున్నవాళ్లకు ఆ రోజు టెన్షన్ ఉండదు.

సర్టిఫికెట్ వచ్చిన రోజునే హక్కు పుట్టదు. రాసిన రోజునే పుట్టింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరీ కాదు. అయితే 48వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో ఉన్న వివరాలు ప్రాథమిక సాక్ష్యం. తప్పని నిరూపించే బరువు అవతలివాళ్ల మీద పడుతుంది.

అప్పటికీ దారికి రాకపోతే, దావా విలువ 3 లక్షలు లేదా అంతకు మించి ఉండి, అత్యవసరంగా స్టే అడగని కేసుల్లో, కోర్టుకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. దానికి దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పెట్టాలి. 3 నెలల గడువు ఉంటుంది, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 2 నెలలు పొడిగిస్తారు. అక్కడ కుదిరిన రాజీ రాసి సంతకాలు చేసేటప్పుడు ఏ పేజీలు, ఏ బ్యాచ్ వరకు, ఎవరి పేరుతో వాడవచ్చో విడివిడిగా రాయించుకోండి.