మెటల్ షోలో స్టేజీ ముందు నిలబడే ముందు

బెంగళూరులో మెటల్ షోకి (హెవీ మెటల్ రాక్ సంగీత కచేరీకి) రైలెక్కబోతున్నవాళ్లు ఇవి చూసుకోండి.

– ఇయర్‌ప్లగ్స్. 100 డెసిబెల్స్ దగ్గర చెవి సురక్షితంగా తట్టుకునేది సుమారు 15 నిమిషాలే. స్పీకర్ల ముందు శబ్దం తరచూ అది దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. దూది పనికిరాదు. ఫోమ్ ప్లగ్‌ని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి దూర్చి, ఉబ్బేదాకా నొక్కి పట్టుకోండి. "ఒక్క పాటే కదా" అని ఓసారి తీసేశాను; మూడు రోజులు చెవిలో కీచురాళ్లు!

– తోపులాటలో చేతులు బాక్సర్‌లా ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి చోటుంటుంది. ఎదురు తోయకండి, ఒత్తిడి తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకి జరగండి.

– మాష్ పిట్‌లో (స్టేజీ ముందు జనం ఒకరినొకరు ఢీకొంటూ గెంతే చోట) ఎవరు పడినా వెంటనే లేపాలి, లేకపోతే తొక్కేస్తారు. (చూడ్డానికి భయంకరంగా ఉండే పచ్చబొట్ల అన్నలే ముందు చేయి అందిస్తారు.)

– అప్పుడప్పుడు వెనక్కి చూడండి. జనం చేతుల మీద పడుకుని తలల మీదుగా తేలి వచ్చేవాడి బూటు నేరుగా మెడకే తగులుతుంది.

– లేసుల చివర్లు బూటులోకి దోపండి. ఫోన్ జిప్పు జేబులో.